రెండో ఒంటిగంట

మోర్కాంబ్‌లో మా సూపర్‌మార్కెట్ పదింటికి మూస్తారు.
ఆ తర్వాత లోపల మేం ఏడుగురం.
పాటలు కూడా కొనేవాళ్ళతోపాటే ఇళ్ళకు పోతాయి.
తెల్లవార్లూ మాట్లాడేవి ఫ్రీజర్లే.

బ్రెడ్డు దగ్గర ఇయెవా,
పాల వరసలో క్లిఫర్డ్,
రొయ్యల పడవ అమ్మేశాక చేరాడు, జనవరి దాకానే.
నేను డబ్బాల వైపు:
చిక్కుళ్ళు, టమాటా సూపు, కుక్కల తిండి.
పాత తేదీ ముందుకు, కొత్త తేదీ వెనక్కి.
పదకొండేళ్ళలో నేను నేర్చుకున్న శాస్త్రం అంతే.

నా కాంట్రాక్టు వారానికి పదహారు గంటలు.
చేసేది ముప్ఫై రెండు, ఒక్కోసారి ముప్ఫై ఆరు.
పైదంతా అదనం.
అదనం అంటే
కావాలన్నప్పుడు దొరకదు,
వద్దన్నప్పుడు ఫోను చేస్తుంది.
ఇల్లు అద్దెకిచ్చే ఏజెంటు
పదహారు గంటల మనిషినే చూస్తాడు.
మిగతా మనిషి ఏ కాగితం మీదా లేదు.
మోకాళ్ళ నొప్పులు మాత్రం దానివే.

అక్టోబరు ఆఖరి శనివారం రాత్రి
రెండు కాబోతూ ఒంటిగంటయింది.
ఏటా జరిగేదే,
చలికాలానికి గడియారాలు వెనక్కి తిప్పుతారు.
ఊరంతా నిద్రలో ఒక గంట లాభపడింది.
మేం మొదటి ఒంటిగంటలో కుక్కల తిండి దింపాం,
రెండో ఒంటిగంటలో క్రిస్మస్ చాక్లెట్లు.

ఒకటీ నలభైకి క్లిఫర్డ్
అట్టపెట్టె కోస్తూ బొటనవేలు కోసుకున్నాడు.
పాల మీద పడకూడదని
చెయ్యి పైకెత్తి పట్టుకుని వచ్చాడు,
తరగతిలో ప్రశ్న అడిగే పిల్లాడిలా.
కట్టు కట్టి, ప్రమాదాల పుస్తకం తీశాను.
పేరు రాశాను. చోటు రాశాను.
సమయం దగ్గర కలం ఆగింది.
"లోర్నా, ఏ ఒకటీ నలభై?" అన్నాడు.
నవ్వొచ్చింది ఇద్దరికీ.
'రెండోది' అని రాశాను.
పక్కనే ఒక ఎర్రటి చుక్క పడింది.

నెలాఖరున జీతం చీటీలో
ఆ రాత్రికి మామూలు లెక్కే.
పది నుంచి ఆరు. ఎనిమిది గంటలు.
అందులో అరగంట విరామం, దానికి డబ్బుల్లేవు.
మెషీన్‌కు వేళ్ళు మడిచి లెక్కపెట్టడం రాదు కదా.

ఫిలిపా మేనేజరు. చెడ్డది కాదు.
"మార్చిలో గడియారం ముందుకు జరుగుతుందిగా,
ఏడు గంటలు చేసి ఎనిమిదికి తీసుకుంటారు.
చెల్లుకు చెల్లు."
"మార్చికి నేనుండను" అన్నాడు క్లిఫర్డ్.
ఆమె కాసేపు నీళ్ళు నమిలింది.
పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచాను.
రెండోది.
చుక్క అప్పటికి గోధుమ రంగుకి తిరిగింది.

వారానికి జవాబొచ్చింది, పైనుంచి.
క్లిఫర్డ్‌కు ఆ గంట ఇచ్చారు.
క్లిఫర్డ్‌కు మాత్రమే.
నెత్తురు కారినవాడికే
ఆ గంట గడిచిందన్నమాట.
"ముందే చెబితే తలా ఒక వేలు కోసుకునేవాళ్ళం" అంది ఇయెవా,
రొట్టెల మీద పసుపు చీటీలు అంటిస్తూ.
క్లిఫర్డ్ ఆ డబ్బుతో
అందరికీ చేపా చిప్సూ కొనుక్కొచ్చాడు.
చాలలేదు. మిగతాది జేబులోంచి వేశాడని
తర్వాత తెలిసింది.

జనవరిలో అతను వెళ్ళిపోయాడు.
ఫిబ్రవరిలో కొనేవాళ్ళు పలచబడ్డారు.
నా ముప్ఫై రెండు ఇరవై నాలుగయింది,
ఇరవై నాలుగు పదహారయింది.
కాగితం మీది మనిషిని, కాగితం మీది మనిషిలాగే మిగిలాను.

మార్చి ఆఖరి శనివారం
షిఫ్టుల పట్టికలో పేర్లు నాలుగే.
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను.
నాది లేదు.
ఆ ఏడు గంటల రాత్రి
ఎనిమిది గంటల డబ్బు ఎవరిదో.

నిద్ర అలవాటు తప్పి
తెల్లవారుజామున వంటింట్లో టీ పెట్టుకున్నాను.
ఓవెన్ మీది గడియారం
అక్టోబరులో నేను తిప్పలేదు, బద్ధకించి.
చలికాలమంతా అది గంట ముందే నడిచింది,
నన్ను రోజూ కంగారు పెట్టింది.
ఇవాళ ఫోను చూశాను, దాన్ని చూశాను.
సరిగ్గా ఉంది.